కుర్చీ ఒకరిది, గొంతు ఒకరిది

తొండైమండలంలో తెలుగువారు – 12వ భాగం

కిందటి భాగంలో పులికాట్ దగ్గర ఆగాం. 1610లో వెంకటపతి దేవరాయల అనుమతితో డచ్చి వర్తకులు అక్కడ పాతుకున్నారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. తెలుగు బలిజ సెట్టులు వాళ్ళకు అండగా నిలిచి అద్దకపు బట్టల వ్యాపారం నడిపించారు. ఆ కోట ఉన్నచోటి నుంచి తీరం వెంట దక్షిణానికి వస్తే ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క ఉప్పునీటి కయ్య, నడుమ సన్నటి ఇసుక మేట. అదే కాట్టుపల్లి.

డచ్చివాళ్ళకు రాయల అనుమతి దొరకడానికి ఏడాది ముందు, 1609లో, హ్యూగో గ్రోషియస్ అనే యువ న్యాయవాది లేడెన్ పట్నంలో తన పేరు వేసుకోకుండా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. సముద్రం ఎవరి సొత్తూ కాదు, ఎవరి ఓడనైనా ఆపే హక్కు ఏ రాజుకూ లేదు అన్నది అందులోని వాదం. డచ్చి కంపెనీ పక్షాన తయారైన వాదమే అది. అదే కంపెనీ పులికాట్‌లో దిగగానే ఇతర ఐరోపావాళ్ళను ఆ రేవుకు రానివ్వకూడదని రాయల నుంచి మాట తీసుకుంది. పోర్చుగీసువాళ్ళను ఎదిరించేటప్పుడు సముద్రం అందరిదీ. తన కోట కింద రేవు మాత్రం తనదే. అంతర్జాతీయ న్యాయానికి పునాదిరాళ్ళలో ఒకటిగా ఇవాళ లా కాలేజీల్లో చదువుకునే వాదం పుట్టిన కొత్తలోనే మన తీరంలో ఎలా మాట తప్పిందో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది.

ఈ సంగతి మళ్ళీ ఎత్తడానికి కారణం ఉంది. ఇవాళ చెన్నై చుట్టుపక్కల, హైదరాబాదులో, విశాఖలో పెద్ద పెద్ద ప్రైవేటు పాఠశాలల్లో పిల్లలు ఏటా ఒక సభ పెట్టుకుంటున్నారు. దాన్ని ఎం.యు.ఎన్. అంటారు, అంటే నమూనా ఐక్యరాజ్యసమితి. ఒక్కో విద్యార్థికి ఒక్కో దేశం కేటాయిస్తారు. ఎదుట ఆ దేశం పేరు రాసిన ప్లకార్డు ఉంటుంది. శరణార్థులు, అణ్వస్త్రాలు, వాతావరణ మార్పు, సముద్ర సరిహద్దులు ఇలా ఏదో ఒక అంశం మీద రెండు మూడు రోజులు వాదించుకుంటారు. మొదట ప్రతి ప్రతినిధీ తన దేశ వైఖరి చెప్పే పత్రం రాసుకొస్తాడు. తర్వాత ప్రసంగాలు, విరామాల్లో గుంపులు గుంపులుగా బేరసారాలు, చివరికి తీర్మానం ముసాయిదా, సవరణలు, ఓటింగు. ఫ్రాన్స్ వంతు వచ్చిన అమ్మాయి చాలా సభల్లో ‘నేను’ అనడానికి వీల్లేదు. ‘ఫ్రాన్స్ ప్రతినిధి’ అనే తన్ను తాను చెప్పుకోవాలి. సొంత అభిప్రాయం ఇంట్లో వదిలి రావాలి. పాకిస్తాన్ వంతు వచ్చిన మన పిల్లవాడు కాశ్మీరు మీద పాకిస్తాన్ మాటే మాట్లాడాలి, అదీ నమ్మకంగా. నన్ను ఈ సభల వైపు లాగింది ఆ ఒక్క నియమమే. పరాయి కుర్చీలో కూర్చొని దాని గొంతుతో మాట్లాడటం నేర్చినవాడికి లోకం ఇంకోలా కనిపిస్తుంది.

దీని పుట్టుక క్లుప్తంగా చెప్పుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో నానాజాతి సమితి పనిలోకి దిగింది. ఆ మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు దానికి నమూనాగా ఒక అంతర్జాతీయ సభ పెట్టుకున్నారు. కొద్దికాలానికే హార్వర్డ్ అందుకుంది. 1920లు ముగిసేలోగా అమెరికాలో పలు కళాశాలలు కలిసి నమూనా నానాజాతి సమితులు జరుపుకునేదాకా వచ్చింది. అసలు సమితి రెండో యుద్ధంలో కూలిపోయింది, దాని నీడలో పుట్టిన పిల్లల సభలు మాత్రం కూలలేదు. 1947 ఏప్రిల్‌లో అమెరికాలోని స్వార్త్‌మోర్ కళాశాలలో ఐక్యరాజ్యసమితి పేరుతోనే నమూనా సభ జరిగింది. అక్కణ్ణుంచి అది ప్రపంచమంతా పాకింది. 2010ల్లో హార్వర్డ్ విద్యార్థులు నడిపే సభ తాలూకు భారత సమావేశాలకు హైదరాబాదు వేదికయింది.

మన కథ అసలు మొదలయ్యేది ఇక్కడే. ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు ఉత్తుత్తి సభ పెట్టుకున్న రోజుల్లో అసలు సభలో భారతదేశం కుర్చీ ఎవరిది?

1919లో వర్సాయి ఒడంబడిక మీద భారతదేశం పేరున సంతకాలు పడ్డాయి. నానాజాతి సమితికి మనం తొలినాటి సభ్యులం. స్వాతంత్ర్యం లేని దేశం సభ్యదేశం కావడం ఆ సమితిలో ఎక్కడా లేని వింత. ఏటా జెనీవా వెళ్ళే ప్రతినిధివర్గాన్ని లండన్‌లోని భారత మంత్రి ఎంపిక చేసేవాడు. ఏం మాట్లాడాలో, ఎటు ఓటెయ్యాలో సూచనలు అక్కణ్ణుంచే వచ్చేవి. చందా మాత్రం మన ఖజానా నుంచి పెద్దమొత్తంలోనే పోయేది. తొలి తొమ్మిదేళ్ళు ప్రతినిధివర్గానికి నాయకుడు కూడా భారతీయుడు కాడు. 1929లో ఆ చోటు మొదటిసారి ఒక భారతీయుడికి దక్కింది. ఆయన సర్ మహమ్మద్ హబీబుల్లా. వేలూరులో పురపాలక సంఘం అధ్యక్షుడిగా పనిచేసి, మెట్టు మెట్టుగా వైస్రాయి కార్యనిర్వాహక మండలి దాకా వెళ్ళినవాడు.

అంటే పాతికేళ్ళపాటు ప్రపంచ సభలో భారతదేశానిదే నమూనా కుర్చీ. ప్లకార్డు మీద మన పేరు, వెనక ఇంకొకరి మాట. పిల్లల సభలో ఆ ఏర్పాటు చదువు కోసం. జెనీవాలో అది పాలన కోసం. ఈ భాగమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఇప్పుడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళదాం. అప్పట్లో అది తాంబరంలో లేదు, జార్జిటౌన్‌లో ఉండేది. 1937లో గానీ ఊరవతలికి మారలేదు. విలియం మిల్లర్ అనే స్కాట్లండు మిషనరీ చేతుల్లో అది దక్షిణాదికంతటికీ పేరున్న కళాశాలగా ఎదిగింది. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి అక్కడ చదివాడు. ఆ కళాశాల తెలుగు సంఘం పెట్టిన పోటీకే 1899లో ‘ముసలమ్మ మరణము’ రాశాడు. ప్రభుత్వ విద్యార్థివేతనం మీద 1902లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్ళాడు. అక్కడి యూనియన్ అంటే ఆషామాషీ చర్చావేదిక కాదు, రేపటి బ్రిటిష్ మంత్రులు నాలుక పదును పెట్టుకునే చోటు. ఆ యూనియన్‌కు ఆయన ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

ఆ ఎన్నికలో ఉన్న విశేషం మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు గానీ, దాని బరువు తూకం వేయరు. 1900ల తొలి సంవత్సరాల్లో బ్రిటిష్ భారతదేశంలో ఏ తెలుగువాడికీ తన జిల్లాను ఎలా పాలించాలో ఓటేసి తేల్చే అధికారం లేదు. అదే తెలుగువాడు కేంబ్రిడ్జిలో, ఆంగ్లేయ విద్యార్థులు ఓటేసి కూర్చోబెట్టిన కుర్చీలో కూర్చొని, వాళ్ళ సామ్రాజ్యం గురించే వాళ్ళతో వాదించే సభను నడపవచ్చు. విద్యార్థి సభలో దొరికిన సమానత్వం అసలు సభలో దొరకడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. రామలింగారెడ్డి తర్వాతి జీవితమంతా, మైసూరులో విద్యాశాఖలో ఉన్నా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయినా, ఆ సమానత్వం రుచి మరిగినవాడి నడకే నడిచాడు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఉద్యమకారుల మీద లాఠీలు ఝళిపిస్తుంటే చూడలేక ఆ పదవికి రాజీనామా ఇచ్చాడు.

ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి 1931లో వచ్చింది తిరుత్తణి బిడ్డ.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టాడు. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. తండ్రి వీరాస్వామి జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మ. తిరుత్తణిలో అక్షరాలు, తిరుపతిలో లూథరన్ మిషన్ బడి, వేలూరులో వూర్‌హీస్ కళాశాల, ఆపైన క్రిస్టియన్ కాలేజీ. ఆ కాలేజీలో ఆయనకు తత్వశాస్త్రం చెప్పిన ఎ.జి. హాగ్ గట్టి క్రైస్తవ పండితుడు. హిందూ మతానికి నీతి చింతన లేదని మిషనరీలు చేసే విమర్శ తరగతి గదిలోనే వినిపించేది. కుర్రవాడికి బాధ కలిగింది. బాధపడి ఊరుకోలేదు, ఎగిరిపడి తిట్టనూ లేదు. ఆ విమర్శను దాని సొంత పరిభాషలో చదివి, పాశ్చాత్య తర్కం పద్ధతిలోనే జవాబు చెబుతూ, వేదాంత నీతి మీద ఎం.ఏ. పట్టా కోసం వ్యాసం రాశాడు. 1908లో అది అచ్చయింది. మెచ్చుకున్నవాళ్ళలో హాగ్ ఒకడు. ఎదుటివాడి కుర్చీలో కూర్చొని వాడి వాదం ఎంత బలమైందో చూసుకున్నాకే తన వాదం మొదలుపెట్టే అలవాటు ఇరవై ఏళ్ళకే ఆయనకు అబ్బింది. ఇవాళ ఎం.యు.ఎన్. పిల్లలకు నేర్పాలని చూసేది ఆ అలవాటునే.

1931లో వాల్తేరులో పదవి చేపట్టిన రాధాకృష్ణన్ ఆ రోజుల్లోనే నానాజాతి సమితి మేధో సహకార సంఘంలోనూ సభ్యుడయ్యాడు. 1922లో బెర్గ్‌సన్ అధ్యక్షతన మొదలైన సంఘమది. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ అందులో కూర్చున్నారు. మన జగదీశ్ చంద్ర బోస్ అంతకుముందు సభ్యుడు. రాధాకృష్ణన్ వెళ్ళేనాటికి గ్రీకు పండితుడు గిల్బర్ట్ మరే అధ్యక్షుడు. ఈ సంఘానికీ సమితి మహాసభకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది: ఇందులో సభ్యులు ఏ ప్రభుత్వానికీ ప్రతినిధులు కారు, తమ పాండిత్యం బలంతో, తమ పేరున వచ్చినవాళ్ళు. మహాసభలో భారతదేశం కుర్చీ ఉన్నా గొంతు లండన్‌ది. ఈ చిన్న సంఘంలో దేశం పేరిట కుర్చీ లేదు, తిరుత్తణి మనిషి మాత్రం తన గొంతుతోనే మాట్లాడాడు. 1930ల ముగింపుదాకా ఆయన ఆ సభ్యత్వంలో కొనసాగాడు.

ఈలోగా వాల్తేరుకూ ఆ గాలి తెచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో పదవులు చేసి వచ్చిన హుమాయూన్ కబీర్‌ను, ఆక్స్‌ఫర్డ్‌లోనే చదివిన హీరేన్ ముఖర్జీని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి రప్పించాడు. ఒకరు తర్వాత కేంద్రమంత్రి, ఇంకొకరు పార్లమెంటులో కమ్యూనిస్టుల మేటి వక్త. సముద్రం ఒడ్డున అప్పుడప్పుడే లేస్తున్న విశ్వవిద్యాలయంలో తెలుగు పిల్లలకు పాఠం చెప్పినవాళ్ళు ఎలాంటి సభల్లో రాటుదేలి వచ్చారో గమనించాలి.

క్రిస్టియన్ కాలేజీ నుంచే వచ్చిన మూడో మనిషి ఆర్కాటు రామస్వామి మొదలియార్. మాతృభాష తమిళం. పుట్టింది 1887లో కర్నూలులో, బడి చదువూ అక్కడే. కవల సోదరుడు లక్ష్మణస్వామి మొదలియార్ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇరవై ఏడేళ్ళు ఉపకులపతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించినవాడు. రామస్వామి మొదలియార్ జస్టిస్ పార్టీ నాయకుడు, పత్రికా సంపాదకుడు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి పుట్టినప్పుడు భారత ప్రతినిధివర్గానికి ఆయనే నాయకుడు. ఆర్థిక, సామాజిక సహకారం గురించిన అధ్యాయాన్ని తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు. 1945 జూన్ 26న సమితి శాసనపత్రం మీద భారతదేశం తరఫున సంతకం చేసిన ఇద్దరిలో ఒకడు, రెండోవాడు వి.టి. కృష్ణమాచారి. మరుసటి ఏడాది ఆర్థిక సామాజిక మండలికి తొలి అధ్యక్షుడయ్యాడు.

అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో, సభాభవనం బయట, విజయలక్ష్మి పండిట్ ఉంది. లోపల కూర్చున్నవాళ్ళను పంపింది బ్రిటిష్ ప్రభుత్వం, వాళ్ళు భారత ప్రజల ప్రతినిధులు కారు అని ఆమె ఊరూరా తిరిగి చెప్పింది, పత్రికలవాళ్ళను పిలిచి చెప్పింది. ఆమె దగ్గర ప్లకార్డు లేదు, కుర్చీ లేదు. మొదలియార్ శక్తి మీద నాకు గౌరవం ఉంది, ఆయన పని వృథా పోలేదు. అయినా ఆ నెలల్లో భారతదేశం మాట్లాడింది ఎక్కడ అని ఎవరైనా అడిగితే నేను గేటు బయటి స్త్రీనే చూపిస్తాను.

ఏడాదిన్నర తిరక్కుండానే ఆమె లోపలికి వచ్చింది, ఈసారి ప్రతినిధివర్గ నాయకురాలిగా. దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల జరుగుతున్న వివక్ష మీద భారతదేశం ఫిర్యాదు తెచ్చింది. అది తమ ఇంటి వ్యవహారమని దక్షిణాఫ్రికా అడ్డుపడింది. 1946 డిసెంబరు 8న సర్వప్రతినిధి సభ ఓటేసింది: అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. మూడింట రెండు వంతుల ఆధిక్యంతో తీర్మానం నెగ్గింది. ఈ ఓటు మన సీమకు ఎంత దగ్గరిదో ఒక్కసారి ఆలోచించండి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు నాటాల్ చెరకుతోటలకు మనుషులను పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. తిరుత్తణి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది; 1911లో గానీ చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. తెలుగు, తమిళ పల్లెల నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మనవలూ మునిమనవల గురించే ప్రపంచమంతా ఓటేసింది. ప్రపంచ సభలో మన కుర్చీకి మన గొంతు తగిలిన తొలి సందర్భం అదే.

రాధాకృష్ణన్ దారి యునెస్కోలో సాగింది. 1946 నుంచి భారత ప్రతినిధివర్గంలో ఉన్నాడు, కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించాడు, 1952లో పారిస్‌లో సర్వసభ్య సమావేశానికి అధ్యక్షుడయ్యాడు. అప్పటికే దేశానికి ఉపరాష్ట్రపతి. తిరుత్తణి వీథిబడి నుంచి బయల్దేరిన మనిషి ప్రపంచ దేశాల ప్రతినిధులకు మాట్లాడే వంతు ఇచ్చే స్థానానికి చేరాడు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే తిరుత్తణి ఎవరిదన్న తగాదా ముదిరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి ఆంధ్రలోకి వచ్చింది. మురుగన్ కొండ ఉన్న ఊరు తమదని తమిళులు పట్టుబట్టారు. తిరుపతి దాకా తమదేనని మా.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపాడు. తిరుత్తణి చుట్టుపక్కల మంగళంకిళార్ ఇల్లిల్లూ తిరిగి తమిళం నేర్పి జనాన్ని కూడగట్టాడు. తెలుగువాళ్ళకేమో మద్రాసు పోయిన గాయం ఇంకా పచ్చిగా ఉంది. రెండు పక్షాలకూ న్యాయం ఉంది, రెండు పక్షాలకూ కోపం ఉంది. చివరికి రెండు ప్రభుత్వాలూ హెచ్.వి. పటాస్కర్‌ను మధ్యవర్తిగా ఒప్పుకున్నాయి. ఊరును ఒక యూనిట్‌గా తీసుకోవడం, ఆ ఊళ్ళో ఎక్కువమంది మాట్లాడే భాష, పక్కపక్కన ఊళ్ళు కలిసి ఉండటం, ఈ లెక్కల మీద ఆయన హద్దు గీశాడు. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ రోజుల్లో రాజ్యసభ అధ్యక్షుడు, ఉపరాష్ట్రపతి హోదాలో, రాధాకృష్ణనే. 1960 ఏప్రిల్ 1న ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారింది. బదులుగా చెంగల్పట్టు జిల్లా పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లోంచి సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకు వచ్చాయి. పొన్నేరి తాలూకాలోనే ఉన్న కాట్టుపల్లి మాత్రం మద్రాసు వైపే ఉండిపోయింది.

ఇవాళ ఆ కాట్టుపల్లిలో పెద్ద ఓడరేవు ఉంది, సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం ఉంది. సుమారు 330 ఎకరాల రేవును 6,000 ఎకరాలకు పైగా పెంచాలన్న ప్రతిపాదన మీద పులికాట్ జాలర్లు ఏళ్ళుగా పోరాడుతున్నారు. ప్రజాభిప్రాయ సేకరణకు 2021లోనూ 2023లోనూ తేదీలు ప్రకటించి వాయిదా వేశారు. సముద్రం ఎవరిదన్న 1609 నాటి ప్రశ్న ఆ ఇసుక మేట మీద ఇంకా తేలలేదు. చెన్నై ఏసీ హాళ్ళలో 1982 సముద్ర చట్టం ఒడంబడిక మీద ఇంగ్లీషులో తీర్మానాలు రాసే పిల్లలకు ఈ ఊరు గంట, గంటన్నర ప్రయాణం. ఆ సభలకు రుసుము కట్టలేని పిల్లలు, కోటు కుట్టించుకోలేని పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు, వలల లెక్కా ఆటుపోట్ల లెక్కా వాళ్ళకే తెలుసు. ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని నా కోరిక. రేవు కంపెనీ పక్షం జాలరి పల్లె పిల్లవాడికీ, జాలరి పక్షం నగరం అమ్మాయికీ ఇవ్వాలి. భాష తెలుగో తమిళమో అయినా పనికి లోటు రాదు.

అలాగే తిరుత్తణి ప్రభుత్వ పాఠశాలల్లో ఒక్కసారైనా పటాస్కర్ సభ జరపమని అక్కడి ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. తెలుగు ఇంటి పిల్లకు శివజ్ఞానం వాదం ఇవ్వండి, తమిళ ఇంటి పిల్లవాడికి ఆంధ్ర ప్రభుత్వం వాదం ఇవ్వండి. ఊళ్ళ జాబితా, 1951 జనాభా లెక్కలు ఎదుట పెట్టండి. హద్దు వాళ్ళనే గీయమనండి. పటాస్కర్ ఏ ఊరిని ఎటు చేర్చాడో, ఏ ఊరి దగ్గర భాషా లెక్కకూ ఆనుకొని ఉండాలన్న లెక్కకూ పొత్తు కుదరలేదో వచ్చే భాగంలో పల్లె పల్లెకూ వెళ్ళి చూద్దాం.